ఒక్క పేషెంటు, ఒక్క పూట: క్లినికల్ పరీక్షలో వచ్చే మార్కు ఎవరిది?

బెంగళూరులో ఏదో ఒక మెడికల్ కాలేజీ, ఫైనల్ ఇయర్ జనరల్ మెడిసిన్ ప్రాక్టికల్ అనుకోండి. ఉదయం ఎనిమిదిన్నరకల్లా వార్డులో మంచాలు సర్దేశారు, కేస్ షీట్లు తీసి దాచేశారు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి చీటీ తీస్తారు, చీటీలో మంచం నంబరు ఉంటుంది. కర్నూలు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయికి ఆరో నంబరు పడింది. అక్కడున్నది బాగేపల్లి రైతు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆమె క్లాస్‌మేటు అనంతపురం కుర్రాడికి తొమ్మిదో నంబరు. అక్కడున్న పెద్దావిడది హాసన్ పక్కన పల్లె, కన్నడం తప్ప మరో భాష రాదు.

ఆవిడ "ఆయాస ఆగుత్తె" అంటుంది. కన్నడంలో ఆయాస అంటే మామూలుగా అలసట. తెలుగులో ఆయాసమంటే ఊపిరి అందకపోవడం. కుర్రాడు ఏ అనుమానమూ లేకుండా "మూడు నెలలుగా నడిస్తే ఆయాసం" అని రాసుకుంటాడు. ఇక ఆ దారినే వెళ్తాడు: పడుకుంటే ఎక్కువవుతుందా, రాత్రి ఉలిక్కిపడి లేస్తారా, కాళ్లు వాస్తాయా? మెడలో నరం చూస్తాడు, గుండె వింటాడు. ఇచ్చిన సమయంలో సగం గుండె దగ్గరే కరిగిపోతుంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి కనిపించే రక్తహీనత చివరి ఐదు నిమిషాల్లో గానీ కంటపడదు.

అమ్మాయికి 68, కుర్రాడికి 47 వచ్చాయనుకుందాం. మధ్యనున్న 21 మార్కుల్లో వైద్యం తెలియడం ఎంత, చీటీ ఎంత?

డాక్టర్లను ఎలా పరీక్షించాలన్న విషయం మీద యాభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దొరికిన జవాబు మాత్రం చాలామంది అనుకునేది కాదు. లాంగ్ కేసు (పైన చూసినట్టు ఒకే పేషెంటును పూర్తిగా చూసే పరీక్ష) పాతబడిపోయిందనీ, వైవా (నోటి పరీక్ష) పనికిరాదనీ, ఆస్కీ (OSCE, ఒక్కో చిన్న పనికి ఒక్కో 'స్టేషను' పెట్టి విద్యార్థిని అన్నిటికీ తిప్పే పరీక్ష) పెడితే అన్నీ సర్దుకుంటాయనీ అనడం సులువు. పరిశోధన చెప్పేది అది కాదు. పరీక్ష ఏ రూపంలో ఉందన్నది రెండో సంగతి. ఎంతమంది పేషెంట్ల దగ్గర, ఎంతమంది కళ్లెదుట చూశారన్నది మొదటిది.

కేసు మారితే ఫలితం మారుతుంది

1970లలో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎల్‌స్టీన్, షుల్మన్, స్ప్రాఫ్కా అనే పరిశోధకులు మంచి డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో పట్టుకోవాలని బయల్దేరారు. రోగ నిర్ణయం అనేది ఒక సాధారణ నేర్పు అనీ, అది ఉన్నవాడికి ఏ కేసు ఇచ్చినా ఉంటుందనీ అప్పట్లో నమ్మకం. 1978లో వాళ్లు వెలువరించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని దెబ్బతీశాయి. ఒక కేసులో బాగా చేసిన డాక్టరు తర్వాతి కేసులో ఎలా చేస్తాడో ముందుగా చెప్పడం కష్టమని తేలింది. దీన్నే కేస్ స్పెసిఫిసిటీ అంటారు.

కారణం విచిత్రమైనదేమీ కాదు. ఛాతీ నొప్పిని విడదీయాలంటే ఛాతీ నొప్పి గురించి తెలిసుండాలి, అలాంటి పేషెంట్లను చూసుండాలి. కీళ్లవాతం కేసు దగ్గర ఆ అనుభవం అక్కరకు రాదు. 'క్లినికల్ సెన్స్' అని మనం పిలిచేది ఒకే ముద్ద కాదు, వందల చిన్న చిన్న గుర్తింపుల కట్ట. ఆ కట్టలోంచి ఒక్క పుల్ల లాగి చూసి మొత్తం కట్ట గట్టిదో కాదో చెప్పడమే ఒక్క లాంగ్ కేసు పెట్టి మనం చేస్తున్న పని.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. పరీక్ష మళ్లీ పెడితే, వేరే పేషెంటుతో, వేరే ఎగ్జామినరుతో పెడితే, విద్యార్థుల వరస ఎంతవరకు అలాగే నిలుస్తుందో చెప్పే కొలత పేరు రిలయబిలిటీ. తెలుగులో నిలకడ అనుకుందాం. 0 అంటే పూర్తిగా లాటరీ, 1 అంటే ఎన్నిసార్లు పెట్టినా అదే వరస. ఫలానావాడు పాస్, ఫలానావాడు ఫెయిల్ అని తేల్చే పరీక్షకు కనీసం 0.8 ఉండాలన్నది ఈ రంగంలో వాడుక.

ఒక్క కేసు మీద వచ్చే మార్కుకు నిలకడ 0.3 అనుకోండి. కేసులు పెంచితే అది ఎంత పెరుగుతుందో స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రంతో లెక్కకట్టవచ్చు. 3 కేసులకు 0.56. 5 కేసులకు 0.68. 10 కేసులకు 0.81. అంటే ఒక లాంగ్ కేసు, రెండు షార్ట్ కేసుల (తక్కువ సమయంలో చూసే చిన్న కేసుల) మన సంప్రదాయ పరీక్ష ఈ లెక్కలో 0.8కి చాలా ఇవతలే ఆగిపోతుంది.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీకి చెందిన వాన్ డెర్ ఫ్లాయ్‌టెన్, షూవిర్త్ 2005లో రకరకాల పరీక్షల నిలకడను ఒక్కచోట పేర్చి చూపించారు. గంటసేపు జరిపిన వైవాకు 0.50. గంటసేపటి లాంగ్ కేసు పరీక్షకు 0.60. లాంగ్ కేసులకే రెండు గంటలిస్తే 0.75, నాలుగు గంటలిస్తే 0.86. నాలుగు గంటలంటే ఒకే పేషెంటు పక్కన నాలుగు గంటలు కూర్చోబెట్టడం కాదు, ఆ సమయమంతా వేర్వేరు కేసుల మీద పరచడం. బాగా ఆధునికమని పేరుపడిన ఆస్కీ కూడా ఒక గంటకే కుదిస్తే దాదాపు ఈ పాతవాటి స్థాయిలోనే ఉంటుంది. కొత్త పేరు పెట్టినంత మాత్రాన నిలకడ రాదని ఈ ఒక్క పట్టిక చెప్పేసింది. మన దగ్గర చాలా కాలేజీల్లో 'ఆస్కీ పెట్టాం' అంటే ఐదు స్టేషన్లు, స్టేషనుకు ఐదు నిమిషాలు. మొత్తం 25 నిమిషాలు. దాన్ని ఆస్కీ అనడానికి అభ్యంతరం లేదు, నమ్మడానికే అభ్యంతరం.

ఇంకో లెక్క కూడా చేతిలో ఉంచుకోవాలి. క్లాసులో మార్కుల స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 8, పరీక్ష నిలకడ 0.6 అనుకోండి. 1లోంచి 0.6 తీసేస్తే 0.4, దాని వర్గమూలం 0.63, దాన్ని 8తో గుణిస్తే 5. కొలతలో ఉన్న తూగు అది. మామూలుగా దానికి రెండింతలు అటూ ఇటూ పట్టుకుంటారు, అంటే 10 మార్కులు. ఆ లెక్కన 47 వచ్చిన అనంతపురం కుర్రాడి అసలు స్థాయి 37 నుంచి 57 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నిలకడను 0.8కి తెచ్చినా ఆ రెండింతల తూగు 7 మార్కులు ఉంటుంది. 47కీ పాస్ మార్కు 50కీ మధ్య గీత గీసి ఒకణ్ణి డాక్టర్ని చేసి, ఇంకొకణ్ణి ఆపుతున్నప్పుడు ఈ అంకె బోర్డు మీద రాసి ఉంటే బాగుండేది.

కుర్చీలో కూర్చున్నవారి సంగతి

పేషెంటు తర్వాత రెండో చీటీ ఎగ్జామినరు. ఎక్స్‌టర్నల్ ఎవరొస్తున్నారో తెలుసుకోవడానికి పరీక్షకు వారం ముందు హాస్టల్లో ఎంత ఆరా నడుస్తుందో అందరికీ తెలిసిందే. ఆ ఆరాకు ఆధారం ఉంది. బ్రిటన్‌లో ఫిజీషియన్ కావాలనుకునే డాక్టర్లు రాసే ఎంఆర్‌సీపీ క్లినికల్ పరీక్ష మార్కులను మెక్‌మానస్, ఆయన సహ పరిశోధకులు 2006లో విశ్లేషించారు. మార్కుల్లో కారణం చెప్పగలిగిన తేడాలో 87 శాతం అభ్యర్థుల మధ్య తేడా, 12 శాతం ఎగ్జామినర్ల కఠినత్వం లేదా ఉదారత, 1 శాతం స్టేషన్ల తేడా. అక్కడ ఒక్కో అభ్యర్థిని చాలామంది చూస్తారు కాబట్టి ఆ 12 శాతం చాలావరకు సర్దుకుపోతుంది. ఇద్దరే చూసే చోట అది విద్యార్థి నెత్తినే పడుతుంది.

కఠినంగా ఉండటమొక్కటే కాదు, వరస కూడా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో యేట్స్ బృందం డాక్టర్లకు ట్రైనీల వీడియోలు చూపించి మార్కులు వేయించింది. ముందు బాగా చేసినవాళ్లను చూసిన డాక్టర్లు ఆ తర్వాత వచ్చిన మధ్యస్థులకు తక్కువ వేశారు. ముందు బలహీనులను చూసినవాళ్లు అదే మధ్యస్థులకు ఎక్కువ వేశారు. 2012లో అచ్చయిన ఫలితం ఇది. గోల్డ్ మెడలిస్టు వెనకే లోపలికి వెళ్లాల్సి వచ్చినవాళ్లకు వీడియోలు లేకుండానే ఈ సంగతి తెలుసు.

ఇక్కడ అదనంగా రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పు ఒకటుంది. మన పరీక్షల్లో ఇద్దరేసి, ఒక్కోసారి నలుగురు ఎగ్జామినర్లు ఒకే కేసు దగ్గర కలిసి కూర్చుంటారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వాళ్లలో సీనియరు నోరు విప్పగానే మిగతావారి మార్కు అటువైపు ఒరుగుతుంది. పైగా కేసు ఒక్కటే కాబట్టి పెద్ద పొరపాటు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ నలుగురినీ విడదీసి నాలుగు వేర్వేరు కేసుల దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో విద్యార్థిని నాలుగుచోట్లకీ పంపితే, అదే మనుషులతో, దాదాపు అదే సమయంలో నిలకడ పెరుగుతుంది. 'ఒక్కరే చూస్తే పక్షపాతం వస్తుంది కదా' అన్నది వెంటనే వచ్చే అభ్యంతరం. నలుగురు విడివిడిగా చూసినప్పుడు ఒకరి పక్షపాతం మొత్తంలో నాలుగో వంతు మాత్రమే. నలుగురూ కలిసి కూర్చున్నప్పుడు అందరిలోకీ పెద్దాయన పక్షపాతమే మొత్తం అవ్వొచ్చు.

ఆస్కీని ఎలా కట్టాలి, ఎక్కడ కూలుతుంది

రొనాల్డ్ హార్డెన్ స్కాట్లండ్‌లోని డండీ నుంచి 1975లో ఆస్కీని పరిచయం చేశారు. ఆలోచన తేలికైనదే: పరీక్షను చిన్న చిన్న స్టేషన్లుగా విడగొట్టు, అందరికీ అవే స్టేషన్లు, అవే ప్రశ్నలు, గంట మోగితే పక్కదానికి జరుగు. చీటీ బెడద సగం పోతుంది.

కడుపులో చల్ల కదలకుండా అయ్యే పని మాత్రం కాదు. 150 మంది బ్యాచ్ తీసుకోండి. 12 స్టేషన్లు, ఒక్కోదానికి 7 నిమిషాలు, మారడానికి 1 నిమిషం. ఒక రౌండు 96 నిమిషాలు, అందులో 12 మంది పూర్తవుతారు. 150 మందికి 13 రౌండ్లు, అంటే దాదాపు 21 గంటలు. మూడు వరసలు పక్కపక్కనే నడిపితే ఒక్కో వరసలో ఎక్కువలో ఎక్కువ 5 రౌండ్లు, 8 గంటలు. దానికి 36 మంది ఎగ్జామినర్లు, పేషెంటు ఉండే ప్రతి స్టేషనుకూ ముగ్గురేసి పేషెంట్లు కావాలి, మధ్యలో ఒకరు అలసిపోతే మార్చడానికి అదనంగా ఇంకొకరు. కడుపు నొక్కించుకునే స్టేషనులో ఒకే మనిషిని 50 మందికి అప్పగించకూడదు. పదిహేనో విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి అక్కడ నిజంగానే నొప్పి మొదలవుతుంది, లేని 'టెండర్‌నెస్' (నొక్కితే నొప్పి) దొరుకుతుంది.

స్టేషన్లు రాసేముందు బ్లూప్రింట్ గీయాలి. ఒక పక్క అవయవ వ్యవస్థలు, ఇంకో పక్క నైపుణ్యాలు: హిస్టరీ, పరీక్ష, ప్రొసీజరు, పేషెంటుకు చెప్పడం, రిపోర్టు చదవడం. గడుల్లో స్టేషన్లు పడాలి. ఈ కాగితం లేకుండా మొదలుపెడితే ఎప్పుడూ ఒకటే జరుగుతుంది. డిపార్ట్‌మెంటులో ఎక్స్‌రేలు, ఈసీజీలు ఎక్కువుంటాయి కాబట్టి 12లో 7 స్టేషన్లు గోడ మీది బొమ్మ చూసి జవాబు రాసేవే అవుతాయి. అది నడుస్తూ రాసే ఎంసీక్యూ, అంతే.

అన్నిటికంటే లోతైన గుంట చెక్‌లిస్టు. 'చేతులు కడుక్కున్నాడు, పేరు చెప్పాడు, తెర వేశాడు, నొప్పి ఎక్కడని అడిగాడు, ఎప్పటి నుంచని అడిగాడు' అంటూ 28 గడులు పెడితే ఎగ్జామినర్లందరూ ఒకేలా టిక్ పెడతారు, నిజమే. కానీ ఏం కొలిచినట్టు? టొరంటోలో బ్రయన్ హాడ్జెస్ బృందం 1999లో విద్యార్థుల్నీ, రెసిడెంట్లనీ (చదువు ముగించి పై శిక్షణలో ఉన్న డాక్టర్లనీ), అనుభవమున్న ఫ్యామిలీ డాక్టర్లనీ అవే స్టేషన్లలో కూర్చోబెట్టింది. చెక్‌లిస్టు మార్కుల్లో అనుభవజ్ఞులు అందరికంటే వెనకబడ్డారు. మొత్తమ్మీద ఎలా చేశారని ఎగ్జామినరు ఇచ్చిన గ్లోబల్ రేటింగులో వాళ్లే ముందున్నారు.

ఎందుకలా? అనుభవమున్న డాక్టరు మూడో ప్రశ్నకే విషయం పట్టుకుని సూటిగా అటు వెళ్తాడు. మిగతా ఇరవై ప్రశ్నలు అడగడు. చెక్‌లిస్టు దృష్టిలో అతను ఇరవై మార్కులు వదిలేసిన సోమరి. అన్నీ వరసగా అడిగేసి, జవాబులు వినకుండా వెళ్లిపోయే కుర్రాడు ఫస్టు. బెంగళూరు, చెన్నై కోచింగ్ క్లాసుల్లో ఆస్కీకి తయారుచేసే తీరు చూస్తే ఇది అర్థమవుతుంది. "అమ్మా, నీకు బీపీ ఉందా షుగర్ ఉందా ఆస్తమా ఉందా టీబీ ఉందా" అని ఒకే గుక్కలో అడగడం చెక్‌లిస్టు నేర్పిన భాష.

కాబట్టి ఏడు నిమిషాల స్టేషనుకు చెక్‌లిస్టు 10, 12 అంశాలు దాటకుండా చూడటం, కీలకమైనవాటికే ఎక్కువ మార్కులివ్వడం, పక్కనే గ్లోబల్ రేటింగ్ పెట్టడం మేలు. ఆ రేటింగు ఇంకో పనికి కూడా వస్తుంది: పాస్ మార్కు తేల్చడానికి. మన పద్ధతిలో పాస్ మార్కు సగమని ముందే రాసిపెట్టి ఉంటుంది, స్టేషను తేలికైనా కష్టమైనా సరే. బోర్డర్‌లైన్ రిగ్రెషన్ అనే పద్ధతిలో ఎగ్జామినరు ప్రతి విద్యార్థికీ రెండు ఇస్తాడు. ఒకటి చెక్‌లిస్టు మార్కు, రెండోది ఫెయిల్ 1, అంచున 2, పాస్ 3, బాగుంది 4 అనే గ్రేడు. ఎక్సెల్ షీటులో గ్రేడు అడ్డంగా, మార్కు నిలువుగా పెట్టి గీత గీయిస్తే, గ్రేడు 2 దగ్గర ఆ గీత ఏ మార్కును తాకుతుందో అదే ఆ స్టేషను పాస్ మార్కు. ఒక స్టేషనులో గీత 'మార్కు = 4 + 3 × గ్రేడు' అని వస్తే 20కి 10 పాస్. కష్టమైన స్టేషనులో '2 + 3 × గ్రేడు' వస్తే 8 పాస్. స్టేషను కష్టం విద్యార్థి ఖాతాలో పడదు. ఎక్సెల్‌లో దీనికి కావలసింది స్లోప్, ఇంటర్‌సెప్ట్ అనే రెండు ఫార్ములాలే. విద్యార్థులు మరీ తక్కువగా ఉంటే, 20, 30 మంది లోపుంటే, గీత ఊగిసలాడుతుంది. అప్పుడు దీన్ని నమ్మకూడదు.

భాష కూడా ఒక వేరియబులే

పరీక్ష కొలవాల్సింది కాక వేరే ఏదో మార్కులోకి చొరబడటం వ్యాలిడిటీకి, అంటే పరీక్ష కొలవాల్సిందే కొలుస్తుందన్న భరోసాకు, తగిలే దెబ్బల్లో ఒకటి. బెంగళూరులో ఆ చొరబాటుదారు భాష. ఆసుపత్రుల ఓపీల్లో హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చే తెలుగువాళ్లు ఉంటారు. చింతామణి, కోలారు వైపు నుంచి వచ్చి రెండు భాషలూ కలిపి మాట్లాడేవాళ్లుంటారు, తమిళం, ఉర్దూ మాట్లాడేవాళ్లుంటారు. విద్యార్థులూ అలాగే. 2019లో మొదలైన కాంపిటెన్సీ ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యక్రమం ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషను చేర్చింది, మంచిదే. కానీ అక్కడ నేర్చుకునే 'నోవు ఎల్లి' స్థాయి కన్నడం, వార్డులో పెద్దావిడ మాటను పట్టుకోవడానికి చాలదు.

పేషెంటు భాషలో మాట్లాడగలగడం డాక్టరు నైపుణ్యంలో భాగమే కదా అని అడగొచ్చు. భాగమే. అయితే దాన్ని విడిగా కొలవాలి, అందరికీ ఒకేలా కొలవాలి. చీటీ దయ మీద కొలవకూడదు.

స్టాండర్డైజ్డ్ పేషెంటు అనే ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. 1960లలో అమెరికాలో హోవార్డ్ బారోస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక రోగి కథ నేర్పి, ప్రతి విద్యార్థికీ అదే కథ అదే తీరులో చెప్పిస్తారు. బెంగళూరులో అదే కథ మూడు భాషల్లో తయారుచేయాలి, అనువాదంతో కాదు. స్క్రిప్టు ఇంగ్లీషులో రాసి కన్నడ, తెలుగు మనుషులకు ఇస్తే ఎవరికి తోచిన మాట వాళ్లు వాడతారు. ఒకరు "సుస్తు" అంటారు, ఒకరు "నీరసం" అంటారు, ఒకరు డాక్టర్లను చూసి చూసి "వీక్‌నెస్" అనేస్తారు. మూడూ ఒకే లక్షణం, మూడింటి కష్టం వేరు. తెలుగు చెవికి "సుస్తు" అంటే ఒంట్లో సుస్తీ చేసిందని, మొత్తంగా జబ్బని వినిపిస్తుంది. 'వీక్‌నెస్' అంటే చెయ్యి పడిపోయిందేమోనని ఇంకొకడు న్యూరాలజీలోకి దూకుతాడు.

అందుకని స్క్రిప్టులో ప్రతి భాషకూ మూడు వాక్యాలు మాటకు మాట రాసిపెట్టాలి. తలుపు తెరవగానే పేషెంటు చెప్పే మొదటి వాక్యం, 'అంటే ఎలా ఉంటుంది?' అని అడిగితేనే చెప్పాల్సిన వాక్యం, సూటిగా అడిగితే తప్ప బయటపెట్టకూడని వాక్యం. "పని చేస్తే ఒంట్లో సత్తువ ఉండట్లేదు" అన్నది రెండోది. "బహిష్టు ఎక్కువ రోజులుంటోంది" అన్నది మూడోది. పరీక్షకు ముందు ముగ్గురు పేషెంట్లను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వినేలా ఒక పూట రిహార్సల్ చేయించాలి. సాధారణంగా ఈ పూటే ఎగరగొట్టేస్తారు. పరీక్ష పాడయ్యేదీ అక్కడే.

నిజమైన పేషెంట్లతో ఇంకో తమాషా ఉంది. పెద్ద ప్లీహం, మైట్రల్ స్టెనోసిస్ (గుండె కవాటం ఇరుకవడం) లాంటి 'మంచి సైన్లు', అంటే స్పష్టంగా దొరికే రోగ లక్షణాలు, ఉన్నవాళ్లను ప్రతి పరీక్షకూ పిలుస్తారు. పదోసారి వచ్చినాయన విద్యార్థి స్టెతస్కోపు తీయకముందే జాలిపడి రోగం పేరు చెప్పేస్తాడు. ఆయన దయాగుణానికి కూడా మార్కులు పడుతున్నాయి.

పరీక్ష హాలు బయట

జార్జ్ మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ గీశారు. అడుగున తెలియడం, పైన ఎలాగో తెలియడం, ఆపైన చేసి చూపించడం, కొసన నిజంగా చేయడం. థియరీ కింది రెండు మెట్లు. ఆస్కీ మూడోది. ఎవరూ పరీక్ష పెట్టని మంగళవారం రాత్రి డ్యూటీలో ఏం చేస్తాడన్నది నాలుగోది. పీజీ రెసిడెంట్ల విషయంలో లెక్కలోకి రావాల్సింది అదే, అతి తక్కువగా చూసేదీ అదే. రెసిడెంటు రోజూ వందమందిని చూస్తాడు. అతను పేషెంటుతో మాట్లాడుతుండగా సీనియరు పక్కన నిలబడి చూసే సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రౌండ్స్‌లో సీనియరు వినేది రెసిడెంటు చెప్పే కథ. కథ బాగా చెప్పడం, పేషెంటును బాగా చూడటం ఒకటి కావు.

జాన్ నోర్సినీ 1990లలో తెచ్చిన మినీ-సీఈఎక్స్ ఈ ఖాళీని పూడ్చడానికే. రోజువారీ పనిలోనే 15 నుంచి 20 నిమిషాలు ఒక సందర్భాన్ని చూడాలి, హిస్టరీయో, పరీక్షో, డిశ్చార్జి సలహానో. తర్వాత 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడాలి. ఫారంలో 9 పాయింట్ల కొలబద్ద ఉంటుంది. 1–3 చాలదు, 4–6 సరిపోతుంది, 7–9 మెచ్చదగింది. ఆచరణలో అందరికీ 7, 8 పడతాయి. రోజూ కలిసి పనిచేసే పిల్లాడికి 3 వేసి, రేపు అతనితోనే నైట్ డ్యూటీ ఎలా చేయిస్తారు?

దీనికి విరుగుడుగా కొలబద్దలోని మాటలే మార్చేశారు. అటావాలో తయారైన స్కేలు 'ఎంత బాగా చేశాడు?' అని అడగదు, 'నువ్వేం చేయాల్సి వచ్చింది?' అని అడుగుతుంది. నేనే చేసేశాను, చెప్పి చేయించాను, మధ్యమధ్య అందించాను, పక్కన ఉంటే చాలు, నేనుండాల్సిన అవసరమే లేకపోయింది. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం) వేస్తుంటే సూది దిశను రెండుసార్లు తనే సరిచేశానని సర్జనుకు గుర్తుంటుంది. అది రాయడం తీర్పు చెప్పినట్టుండదు, జరిగింది చెప్పినట్టుంటుంది. ఓలే టెన్ కాటే 2005లో ముందుకు తెచ్చిన ఎంట్రస్ట్‌మెంట్ ఆలోచన కూడా ఇదే: ఈ పనిని ఇతని చేతిలో పెట్టి నేను ఇంటికి వెళ్లి పడుకోగలనా?

ఇవేవీ ఫెయిల్ చేయడాన్ని సులువు చేయలేదు. కెనడాలో డూడెక్, మార్క్స్, రెగెర్ 2005లో సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి, బలహీనుడని తెలిసీ ఎందుకు పాస్ చేస్తారని అడిగారు. నాలుగు కారణాలు తేలాయి. ఆధారం రాసిపెట్టుకోకపోవడం, ఏం రాసిపెట్టాలో తెలియకపోవడం, అప్పీలుకు వెళ్తారేమోనన్న భయం, ఫెయిల్ చేశాక బాగుచేసే దారి లేకపోవడం. మొదటి రెండూ కాగితం సమస్యలు. రెసిడెంట్లు చేసిన పనులు రాసుకునే మన లాగ్‌బుక్కులు ఆ కాగితమే కావాల్సింది. ఏడాది చివర్లో ఒకే పెన్నుతో, ఒకే పూటలో వంద సంతకాలు పడే లాగ్‌బుక్కు దేనికీ ఆధారం కాదు. సంతకం పక్కన తేదీ, పేషెంటు సమస్య, 'ఏం చేయాల్సి వచ్చింది' అన్న ఒక్క వాక్యం, ఈ మూడూ లేని ఎంట్రీని లెక్కలోకి తీసుకునేది లేదంటే చాలు, పుస్తకం సగానికి చిక్కిపోతుంది, మిగిలిన సగం పనికొస్తుంది.

పేపర్లు చదివేటప్పుడు

ఈ రంగంలో అచ్చయ్యేవన్నీ పై వాటంత గట్టివి కావు. మన దగ్గర ఎక్కువగా కనిపించే నమూనా ఇది: కొత్త బోధన పద్ధతి, ముందు ఒక టెస్టు, తర్వాత అదే టెస్టు, మార్కులు పెరిగాయి, పి విలువ (ఆ తేడా కేవలం యాదృచ్ఛికమా అని చూసే అంకె) 0.001 కంటే తక్కువ, 92 శాతం మంది విద్యార్థులకు నచ్చింది. గంటసేపు ఏదైనా చెబితే మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? పోల్చడానికి అదే గంటలో పాత పద్ధతిలో చదివిన ఇంకో గుంపు ఉందా? నెల తర్వాత మళ్లీ అడిగారా?

ముందు పెట్టిన టెస్టే పాఠం నేర్పేస్తుందన్నది ఇంకా పెద్ద చిక్కు. లార్సన్, బట్లర్, రోడిగర్ 2009లో రెసిడెంట్లకు రెండు విషయాలు చెప్పారు, ఆగకుండా వచ్చే ఫిట్స్ గురించి, మయాస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) గురించి. ఒక విషయం మీద విడతలవారీగా టెస్టులు పెట్టి జవాబులు చెప్పారు, ఇంకోదానికి అదే సమాచారాన్ని మళ్లీ చదివించారు. ఆరు నెలల తర్వాత టెస్టులు రాసిన విషయంలో 39 శాతం, చదివిన విషయంలో 26 శాతం వచ్చింది. తేడా 13 శాతం, ఖర్చు కొన్ని ప్రశ్నలు. ఈ ఫలితానికి రెండో వైపు కూడా చూడాలి: మంచి పద్ధతిలో నేర్చుకున్న రెసిడెంట్లకే ఆరు నెలలకు 39 శాతం మిగిలింది. ఒకసారి క్లాసు చెప్పి 'కవర్ చేశాం' అనుకోవడం ఎంత దూరమో దీన్నిబట్టి లెక్క వేసుకోవచ్చు.

'మీకు ఆత్మవిశ్వాసం పెరిగిందా?' అన్న ప్రశ్నావళిని కొలతగా వాడిన పేపరు కనిపిస్తే పక్కన పెట్టేయొచ్చు. డేవిస్ బృందం 2006లో డాక్టర్లు తమను తాము వేసుకున్న అంచనానూ బయటివారి కొలతనూ పోల్చిన అధ్యయనాలను సమీక్షించింది. 20 పోలికల్లో 13 చోట్ల రెండింటికీ సంబంధం చాలా తక్కువ, లేదా అసలు లేదు, లేదా తలకిందులు.

ఒక డిపార్ట్‌మెంటు లెక్క

ఫైనల్ పరీక్ష రూపం యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. బెంగళూరు జయనగర్‌లోనో చెన్నై గిండీలోనో ఉన్న యూనివర్సిటీ ఆఫీసులో తీసుకునే నిర్ణయాన్ని వార్డులో కూర్చుని మార్చలేం. ఏడాది పొడవునా చూసి, రాసి, నమూనాలు పోగుచేయడం మాత్రం డిపార్ట్‌మెంటు చేతిలోనే ఉంది. ఆరుగురు రెసిడెంట్లు, ఎనిమిది మంది ఫ్యాకల్టీ ఉన్న చోటు తీసుకుందాం. ఒక్కో రెసిడెంటును నెలకోసారి, ఏడాదికి 12 సార్లు చూడాలంటే మొత్తం 72 సందర్భాలు. ఒక్కోదానికి మాటలతో కలిపి 25 నిమిషాలు, మొత్తం 30 గంటలు. ఎనిమిది మందికి పంచితే తలా 9 సందర్భాలు, ఏడాదికి మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. టైం లేదన్న మాట ఈ అంకె ముందు నిలబడదు.

రెండు నియమాలు పెట్టుకుంటే ఇది నడుస్తుంది. ఒకటి, ఎవరు ఎవరిని ఏ నెలలో చూడాలో జనవరిలోనే పట్టిక వేసి నోటీసు బోర్డుకు అంటించాలి. రెసిడెంటునే వెళ్లి అడగమంటే మెత్తగా ఉండే ఇద్దరు మేడంల దగ్గరే 72 ఫారాలూ చేరతాయి. రెండు, ఫారంలో అంకె కంటే ముందు ఒక గడి ఉండాలి: వచ్చేసారి మార్చుకోవాల్సిన ఒక్క పని. 'బాగా చదవాలి' అని కాదు. "పేషెంటు ఆయాసం అన్నాక, అది ఊపిరి అందకపోవడమా, ఒళ్లు అలిసిపోవడమా అని ఇంకో ప్రశ్న అడిగి, ఆ తర్వాతే ముందుకెళ్లాలి" అని.